చెయ్యెత్తనివాళ్ళు

లెక్సింగ్టన్
మార్చి 3, మంగళవారం

పిన్నీ,

ఈ సంగతి ఫోనులో మాట్లాడేది కాదు. వంటింట్లో ఫోను మోగితే బాబాయి పక్కనే ఉంటాడు. ఇరవై మూడో తేదీ దాటాక మాట్లాడినా లాభం లేదు. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడే రాయాల్సి వచ్చింది.

ఆదివారం బాబాయి ఫోను చేసి, "మీ పిన్ని జ్యూరీకి ఎక్కిందే! ప్రెస్నెల్ డాక్టరు కేసు! ఇంట్లో నామీద తీర్పులు చెప్పడం చాల్లేదు, ఇక కౌంటీ మీద పడింది" అని ఒకటే నవ్వు. నేనూ నవ్వాను. ఫోను పెట్టేశాక జ్యూరీ పాఠం ఉన్న పుస్తకం తీసి మొదటినుంచి చదివాను.

ఆ కేసు గురించి ఇక్కడ మా లా కాలేజీలో కూడా మాట్లాడుకుంటున్నారు. అడిగినవాళ్ళకల్లా మత్తుకి అలవాటు చేసే నొప్పి మాత్రలు రాసిచ్చి జనం చావుకి కారణమైన డాక్టరు అంటూ టీవీలో రోజూ ఆయన ఫోటో వేస్తున్నారు. నాది ఆ ఊరేనని ఎవరికీ చెప్పలేదు.

పిన్నీ, అలాంటి కేసులో జ్యూరీని ఎంచేముందు ఒక ప్రశ్న అడగకుండా ఉండరు. మీ ఇంట్లో ఎవరైనా ఆ మాత్రల వల్ల పోయారా, ఈ డాక్టరు దగ్గర ఎవరైనా వైద్యం చేయించుకున్నారా అని. నిజమే చెబుతామని ప్రమాణం చేయించి మరీ అడుగుతారు. నువ్వు తీర్పు చెప్పే ఆ పన్నెండుమందిలో ఉన్నావంటే 'లేదు' అని చెప్పావన్నమాట.

నీ డస్టిన్ గుండెజబ్బుతో పోలేదు. నీకు తెలుసు, నాకూ తెలుసు. అప్పుడు మీ ఇంట్లోనే ఉండి హైస్కూలుకి వెళ్ళేదాన్ని కదా. స్నానాల గదిలో అద్దం వెనక వాడి మాత్రల సీసాలు చూశాను. అన్నిటి మీదా ప్రెస్నెల్ పేరే. ఎవరడిగినా మనం గుండె అనే చెబుతూ వచ్చాం. మనూళ్ళో సగం ఇళ్ళలో అలాంటి మాట ఒకటి ఉంటుంది. ఒకరు గుండె అంటారు, ఒకరు నిద్రలో పోయాడంటారు. దాన్ని నేను తప్పుపట్టడం లేదు. కాని కోర్టు మన ఇంటి వరండా కాదు.

ఆ డాక్టరు మీద నీకు పగ ఉండటం సహజం. పోయింది నా బిడ్డే అయి ఉంటే నేనెలా ఉండేదాన్నో చెప్పలేను. అయినా పగ తీర్చుకోవాల్సిన చోటు ఆ కుర్చీ కాదు. డాక్టరు తరఫు లాయరు కాలు విరిగి విచారణ వాయిదా పడిందని, ఇరవై మూడున పన్నెండుమంది చేత జ్యూరీ ప్రమాణం చేయిస్తారని బాబాయి చెప్పాడు. ఆ ప్రమాణానికి ముందే నువ్వు జడ్జికి నిజం చెప్పేస్తే, అదనంగా ఎంచిపెట్టినవాళ్ళలో ఒకరు నీ కుర్చీలోకి వస్తారు. అంతటితో సరి. తీర్పు చెప్పాక బయటపడితే ఆ తీర్పే కొట్టేయొచ్చు. బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళందరూ మళ్ళీ మొదటినుంచి బోనెక్కి ఏడవాలి. నీమీద కూడా కేసు పెట్టొచ్చు.

నువ్వు పంపిన ఆపిల్ జామ్ సీసా నా రూమ్మేట్ రొట్టె లేకుండా చెంచాతోనే ఖాళీ చేసింది. ఇక్కడ ఇంకా మంచు కురుస్తోంది. శనివారాలు లాండ్రీలో పని, మిగతా రోజులు చదువు. నిద్ర చాలడం లేదు.

కోపం తెచ్చుకోకుండా రెండుసార్లు చదువు.

నువ్వు పెంచిన
టారిన్


లారెల్ ఫోర్క్
మార్చి 6, శుక్రవారం

లా చదువుతున్న మా టారిన్ దొరసానికి,

నీ ఉత్తరం అందింది. మొదటి పేజీ నిలబడి చదివాను. రెండో పేజీకి కుర్చీ లాక్కున్నాను. రెండుసార్లు చదవమన్నావు కాబట్టి కోపం కూడా రెండుసార్లు వచ్చింది.

ముందు ఇంటి కబుర్లు. వానొచ్చే సంగతి మీ బాబాయి మోకాలు రేడియో కంటే ముందే చెబుతోంది. నేను వండే బడి వంటింట్లో కొత్త పొయ్యి పెట్టారు. దాని మీటలు చూస్తే నొక్కడానికి కూడా డిగ్రీ కావాలేమో అనిపించింది, నీకు కబురు పెడదామనుకున్నాం. మొన్న అందులో మొదటిసారి మొక్కజొన్న రొట్టె చేస్తే అడుగు మాడి, పైన పచ్చిగా ఉంది. పిల్లలు పైది వదిలేసి మాడుది తిన్నారు. ఈ కాలం పిల్లలు!

ఇక నీ సంగతి. కేసు గురించి ఎవరితోనూ మాట్లాడొద్దని జడ్జిగారు మరీమరీ చెప్పారు. కట్టుకున్నవాడితో కూడా వద్దన్నారు. లా చదివే పిల్లతో అయితే ఫరవాలేదని నాకైతే వినబడలేదు. నువ్వు మాత్రం పేజీలకి పేజీలు రాశావు. మనిద్దరిలో తప్పెవరిదో నీ పుస్తకాల్లో చూసి చెప్పు.

నా కొడుకు గుండె ఆగి పోయాడు. గుండె ఆగకుండా పోయినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పు, విని నేర్చుకుంటాను.

పగ అన్నావు. ఆ మాటకి నవ్వొచ్చింది. కాసేపటికి నవ్వు పోయింది. నేను పగపట్టడం ఎప్పుడు చూశావే? మీ అమ్మ నిన్ను నా గుమ్మంలో దింపి, నీ బట్టల సంచి కూడా మర్చిపోయి వెళ్ళిపోతే, ఆమె మీద పట్టానా? ఇక ఊళ్ళోవాళ్ళ మీద పడతానా?

మన ఇంటావంటా ఎవరూ కాలేజీ గడప తొక్కలేదు. నువ్వు తొక్కుతావని మురిసి, బడి పిల్లలకి వడ్డించి వడ్డించి నా భుజం పడిపోయింది. అక్కడ నేర్చిందంతా మొట్టమొదట నామీదే పరీక్షిస్తావనుకోలేదు. జడ్జికి రాసుకోవాలనుంటే రాసుకో. నాకు మాత్రం ఒక రోజు ముందు చెప్పు. ఆ రోజుకి మీ బాబాయిని చేపలకి పంపించేస్తాను.

అలిసిపోయాను టారిన్. నన్నెవరూ ఏమీ అడక్కుండా కొన్నాళ్ళు గడిస్తే చాలు.

వేళకి తిను. మెడకి ఏదైనా చుట్టుకో.

పిన్ని


లెక్సింగ్టన్
మార్చి 9, సోమవారం

పిన్నీ,

జడ్జికి నేను రాయలేదు. రాయను. నీకు తెలియకుండా నీ గురించి ఎవరికీ ఒక్క ముక్క చెప్పను. ఒక్కటి మాత్రం నువ్వన్నది నిజమే. నువ్వు ఎవరితోనూ మాట్లాడకూడదని తెలిసీ నీకు రాస్తున్నాను. అది నా తప్పే. రేపు ఎవరైనా అడిగితే రాశాననే చెబుతాను. ఊరుకుందామని చూశాను, చేతకాలేదు.

వడ్డించి వడ్డించి పడిపోయిన నీ భుజం నాకు గుర్తులేదనుకున్నావా? కుడిచెయ్యి లేవకపోతే, నాకు నొప్పి తెలియకుండా నువ్వు ఎడమచేత్తో జడ వేసేదానివి. నేను నిన్ను పరీక్షించడం లేదు. భయపడుతున్నాను. రెండూ ఉత్తరంలో ఒకేలా కనిపిస్తాయి కాబోలు.

పోయిన వారం క్లాసులో జ్యూరీని ఎంచే పద్ధతి మాచేత చేయించారు. సగంమంది లాయర్లు, సగంమంది ఊరివాళ్ళు. నేను లాయర్ని. "ఇరుపక్షాలనీ సమానంగా చూడగలరా?" అని అడిగితే ఒక్కరు కూడా చూడలేనని అనలేదు. తడుముకోకుండా చూడగలం అన్నారు. మా ప్రొఫెసరు నన్ను ఆపి, "అంత చటుక్కున అన్నవాళ్ళని నమ్మకు. అబద్ధమని కాదు, వాళ్ళు ఇంకా తమలోకి తాము చూసుకోలేదు. ఇంకో ప్రశ్న అడుగు" అన్నాడు. నాకు ఇంకో ప్రశ్న తట్టలేదు. అందరూ నవ్వారు. ఆ క్లాసులో నా మాట యాస విని ఎలాగూ నవ్వుతారు, నాకు అలవాటైంది.

ఆ ఇంకో ప్రశ్న నిన్ను అడగాలనిపిస్తోంది. పగ లేదన్నావు. మరి ఆయనకి శిక్షపడాలని కాకపోతే ఆ కుర్చీ నీకెందుకు? చెయ్యెత్తి ఒక్కమాట చెబితే నిన్ను ఇంటికి పంపేసేవారు. ఆ రోజు ఆ కోర్టు హాలులో ఏం జరిగింది పిన్నీ?

నా చొక్కాకి బొత్తాం ఊడింది. నువ్వు కుట్టినంత గట్టిగా నాకు రావడం లేదు.

టారిన్


లారెల్ ఫోర్క్
మార్చి 13, శుక్రవారం

పిల్లా,

జడ నొప్పి తెలియకుండా వేశానని ఇప్పుడు ఒప్పుకున్నావు. అప్పుడు ఇల్లెగిరిపోయేలా అరిచేదానివి.

అడిగావు కాబట్టి చెబుతాను. చెప్పాక దీని గురించి మళ్ళీ అడగొద్దు.

జ్యూరీకి పిలిపించిన జనంతో హాలంతా నిండిపోయింది. ఈస్టరు పండక్కి చర్చిలో కూడా అంతమందిని చూడలేదు. అందరం అందరికీ తెలిసినవాళ్ళమే. జడ్జి స్టిడమ్‌గారు మంచి మనిషి, పాపం ఆవిడ చేయగలిగింది చేశారు. "మీ ఇంటి కష్టాలు నలుగురిలో చెప్పక్కర్లేదు. ఈ మాత్రల వల్ల మీ ఇంట్లో ఎవరైనా పోయి ఉంటే చెయ్యెత్తండి. ఒక్కొక్కరే నా బల్ల దగ్గరికి వచ్చి మెల్లిగా చెప్పండి. ఎవరికీ వినబడదు" అన్నారు. నిజంగానే వినబడలేదు. అక్కడేదో మీట నొక్కితే హాలంతా హోరెత్తిపోయింది. రేడియోలో స్టేషను దొరకనప్పుడు వస్తుందే, ఆ చప్పుడు. ఏం లాభం చెప్పు? వినబడకపోతేనేం, కనబడుతోందిగా! ఆ చెయ్యెత్తడమే చెప్పెయ్యడం.

ముందు పోస్టాఫీసు రూబీ లేచింది. నా వెనక బెంచీలో మొదలైంది.

"అదేంటే, దాని అల్లుడు ట్రాక్టరు కింద పడి కదా పోయింది?"

"వాళ్ళకి ట్రాక్టరు ఎక్కడిది? వాళ్ళకున్నది గడ్డి కోసే మిషను."

"ఓరి దేవుడా. అంత్యక్రియలకి నేను రెండు పళ్ళాలు కేకు పట్టికెళ్ళాను."

"పట్టికెళ్తే ఏం, ట్రాక్టరు తినలేదుగా. ఊరుకో, వింటారు."

రూబీ వెనక ఇంకొకరు, ఆయన వెనక ఇంకొకరు. లైను కట్టారు. లైనులో నిలబడ్డ ఒక్కొక్కరినీ జనం తేరిపార చూసి, వాళ్ళింట్లో ఎవరు పోయారో గుర్తుతెచ్చుకుని, ఇన్నాళ్ళూ విన్న మాట కొట్టేసి కొత్తది రాసుకుంటున్నారు. వాళ్ళ మొహాల్లో కనిపిస్తోంది.

మీ బాబాయి నన్ను దింపడానికి వచ్చి, వెళ్ళకుండా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. నేను తిరిగి చూశాను. ఆయన నా మొహం చూడటం లేదు టారిన్. నా చెయ్యి చూస్తున్నాడు. ఎత్తలేకపోయాను. ఆ చెయ్యి తీసి చేతిసంచి కింద పెట్టుకున్నాను. ఆ తర్వాత అడిగినవాటికి నోరు దానంతటదే లేదు, లేదు అంది.

నేనొక్కదాన్నే కాదులే. మా పన్నెండుమందిలో ఇంకొకాయన ఉన్నాడు. పేరు రాయను. వాళ్ళ తమ్ముడు పోయినప్పుడు నేను చిక్కుడుగింజల కూర పట్టికెళ్ళాను, ఎలా పోయాడో నాకు తెలుసు. నా సంగతి ఆయనకి తెలుసు. కాఫీ దగ్గర ఒకళ్ళనొకళ్ళం చూసుకుని, చక్కెర కలుపుకుని, వాన గురించి మాట్లాడుకున్నాం.

ఇక పగ అన్నావే, ఆ భయం నీకు అక్కర్లేదు. ఆ డాక్టర్ని జైలుకి పంపడానికి నాకు నోరు రాదు. డస్టిన్‌ని ఆ పొద్దున చూడగానే నేను మొదట పిలిచింది ప్రెస్నెల్‌నే. అంబులెన్సు కంటే ముందు వచ్చాడు, చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని. వాణ్ణి చూశాడు. నన్ను వంటింట్లోకి నడిపించి కూర్చోబెట్టాడు. "గుండె, నెల్డా. ఎవరడిగినా గుండె అని చెప్పు. వాడి గుండెకి నేనే వైద్యం చేస్తున్నానని అధికారులకి చెబుతాను. అప్పుడు పోస్టుమార్టమని వాణ్ణి కొయ్యరు" అన్నాడు. అన్నట్టే కొయ్యలేదు. ఒంటిమీద ఒక్క గాటు లేకుండా, ఆదివారం చొక్కా తొడిగి నా బిడ్డని సాగనంపాను. మీ బాబాయి ఆ పూట రాత్రి డ్యూటీ నుంచి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఆయనకి కూడా నేను గుండె అనే చెప్పాను. ఆయన మళ్ళీ అడగలేదు. నమ్మాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

అంత కష్టంలో నాకొక మాట ఇచ్చి నిలబెట్టిన మనిషి ఆయన. అలాంటివాడికి నా వల్ల కీడు జరుగుతుందా? నేను ఆ కుర్చీలో ఉంటే ఆయనకి మేలే. కాబట్టి నువ్వు నిశ్చింతగా పరీక్షలు రాసుకో.

బొత్తానికి దారం నాలుగు పేటలు తీసుకో. పిరికిగా రెండు పేటలతో కుడితే నిలబడదు.

పిన్ని


లెక్సింగ్టన్
మార్చి 16, సోమవారం

పిన్నీ,

పగ అని రాసినందుకు నన్ను క్షమించు. ఇన్ని రోజులూ నేను తప్పు వైపు చూస్తూ భయపడ్డాను.

నన్ను నిశ్చింతగా ఉండమని నువ్వు చెప్పిన సంగతి చదివాకే నాకు స్థిమితం పోయింది. జ్యూరీలో ఉండి ఆయనకి మేలు చేయడం కూడా కీడు చేయడం లాంటిదే. దాని గురించి మళ్ళీ పాఠం చెప్పను. నీకు అది నాకంటే బాగా తెలుసు, అందుకే చివర్లో గబగబా బొత్తాం సంగతి రాశావు.

ఇంకొకటి చెప్పాలి. ఎంత మెత్తగా చెబుదామన్నా మెత్తని మాట దొరకడం లేదు.

డస్టిన్‌కి గుండెజబ్బు లేదు. వైద్యం చేస్తున్నానని ఆయన అన్నది అబద్ధం. వాణ్ణి కోసి చూసి ఉంటే ఒంట్లో ఏముందో తెలిసేది. ఏ మాత్రలు, ఎవరు రాసిచ్చారు అని అడిగేవారు. ఎవరూ అడగలేదు. ఆ తర్వాత కూడా ఆయన ఏళ్ళ తరబడి ఆ మాత్రలే రాస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు ఆయన మీద పెట్టిన కేసులో ఉన్న పేర్లు పేపర్లో చూశాను. అన్నీ డస్టిన్ తర్వాత పోయినవాళ్ళవే.

అలా పరుగెత్తుకొచ్చిన మనిషికి నీమీద జాలి లేదని నేను అనను. ఉండే ఉంటుంది. కాని ఆయన ఇచ్చిన మాట నిన్ను కాపాడినట్టే ఆయన్నీ కాపాడింది. అందులో నీ పాలెంత, ఆయన పాలెంత అని తేల్చడం నా చేతకాదు. రూబీకి ఆ ట్రాక్టరు కథ ఎవరిచ్చారు పిన్నీ? కాఫీ దగ్గర నీతో వాన గురించి మాట్లాడినాయనకి ఏ మాట ఇచ్చారు? ప్రెస్నెల్ ఎంతమంది వంటిళ్ళలో కూర్చుని ఎంతమందికి ఇలా చెప్పాడు?

ఇది చదివాక నువ్వు జ్యూరీలో కూర్చోలేవు. తెలిసే రాశాను. నీ చేతిలోంచి లాక్కున్నట్టే అయింది. కోపం వస్తే నామీదే చూపించు. ఆ పొద్దున వంటింట్లో ఆయన అన్నది విన్నది నువ్వొక్కదానివే. నేను పైన నిద్రపోతున్నాను. ఆ మాట కోర్టులో ఎవరైనా చెప్పగలిగితే అది నువ్వే, జ్యూరీ కుర్చీలోంచి కాదు, ఎదుట సాక్షుల కుర్చీలోంచి. అది చెప్పి తీరాలని నేను అడగను. అది నీ బిడ్డ సంగతి. ఆ పన్నెండుమందిలోంచి లేవడం మాత్రం తప్పదు.

సోమవారం పొద్దున ప్రమాణానికి ముందు కోర్టు గుమస్తాని పట్టుకుని, జడ్జిగారితో మాట్లాడాలని చెబితే చాలు. ఆవిడ గదిలోకి పిలుస్తారు. హాలులో జనం ఉండరు. నీకు అబద్ధం చెప్పను, అక్కడ ఇద్దరు లాయర్లూ ఉంటారు. డాక్టరు కూడా ఉండొచ్చు. ఆయన మొహం చూస్తూ చెప్పాల్సి రావచ్చు. సాయంత్రానికి ఊరందరికీ తెలుస్తుంది కూడా. పోస్టాఫీసుకి అందరికంటే ముందు తెలుస్తుంది. ఆ గది గుమ్మం దాకా నేను నీతో వస్తాను. లోపలికి రానివ్వరు. మన ఉత్తరాల సంగతి అడిగితే దాచకు. నన్ను పిలిస్తే నేనూ చెబుతాను. 'లా చదువుతున్నదానివి, తెలిసీ ఎందుకు రాశావు' అని నన్నడిగితే ఏం జరుగుతుందో తెలియదు. దానికి సిద్ధపడ్డాను.

అంతకంటే ముందు బాబాయికి చెప్పు. ఆ రోజు ఆయన నీ చెయ్యి చూస్తున్నాడని రాశావు. ఎత్తొద్దని చూస్తున్నాడనుకుని నువ్వు దాచేసుకున్నావు. నేను ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. వెళ్ళాల్సినవాడు వెళ్ళకుండా గోడకి ఆనుకుని నిలబడ్డాడంటే, ఎప్పుడు ఎత్తుతావా అని ఎదురుచూస్తున్నాడేమో పిన్నీ. ఇన్నేళ్ళూ నీ నోటివెంట వినాలని ఆయన అడగకుండా ఊరుకున్నాడేమో. నాకు తెలియదు. నీకూ తెలియదు. పక్కగదిలోనే ఉన్నాడు, అడుగు.

అడిగి, ఏమన్నాడో నాకు రాయి. రెండు వాక్యాలు చాలు. ఈ శనివారం, ఇరవై ఒకటో తేదీ పోస్టులో నీ జవాబు నాకు అందాలి. ఆదివారం మనూరికి వస్తున్నాను, బస్సు దిగగానే మీ ఇద్దరిలో ఎవరి పక్కన నిలబడాలో, లేక మధ్యలో నిలబడాలో, నాకు తెలియాలి.

టారిన్